కెనడా పొగ ఎవరి లెక్క?

కెనడా అడవుల పొగ మీద అమెరికాలో మళ్లీ రగడ మొదలైంది. 2025 జులై మొదట్లో మిన్నెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రాలకు చెందిన ఆరుగురు రిపబ్లికన్ ప్రతినిధులు కెనడా రాయబారికి లేఖ రాశారు. మీ అడవుల నిర్వహణ సరిగా లేదు, మా జనానికి వేసవి ఆనందం లేకుండా పోతోంది, ఏం చేయబోతున్నారో చెప్పండి అని దాని సారాంశం.

2023 జూన్‌లో న్యూయార్క్ ఆకాశం నారింజ రంగుకు తిరగడం, ఆ ఏడాది కెనడాలో సుమారు కోటిన్నర హెక్టార్లు కాలిపోవడం అందరికీ గుర్తున్నవే. వేడెక్కుతున్న భూమి గురించీ ఇక్కడ మళ్లీ చెప్పనవసరం లేదు. ఈ గొడవకు మూలం 2005 ఆగస్టులో ఉంది.

ఆ నెల అధ్యక్షుడు జార్జ్ బుష్ రహదారుల నిధుల చట్టంపై సంతకం చేశారు. ఆ భారీ చట్టంలో ఒక మూల, రోడ్లతో సంబంధం లేని చిన్న సవరణ ఒకటి ఉంది. అది స్వచ్ఛ వాయు చట్టంలో ‘అసాధారణ ఘటన’ అనే మాటకు నిర్వచనం ఇచ్చింది. గాలిని పాడుచేసినా సహేతుకమైన ప్రయత్నంతో నివారించలేనిది, అదుపు చేయలేనిది. ప్రకృతి సహజంగా జరిగేది, లేదా మనుషుల వల్లే జరిగినా అదే చోట మళ్లీ జరిగే అవకాశం పెద్దగా లేనిది. ఈ సంగతి రాష్ట్రం రుజువు చేసుకుంటే ఆ రోజుల కొలతలను గాలి నాణ్యత ప్రమాణాల లెక్కలోంచి మినహాయిస్తారు. ఇలాంటి వెసులుబాటు అంతకుముందూ ఉండేది కానీ అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ మార్గదర్శకాల వరకే. 2005తో దానికి చట్టబలం వచ్చింది. 2007లో నియమావళి వచ్చింది, 2016లో దాన్ని సవరించారు. అడవిలో దానంతట అది రేగిన మంటకు దారి సులువు. పెద్ద మంటలు రాకుండా అటవీ సిబ్బంది ముందుజాగ్రత్తగా పెట్టే చిన్న మంటకు మాత్రం షరతులు ఎక్కువ. పెద్ద పొగను తగ్గించగల చిన్న పొగకే ఆంక్షలు ఎక్కువన్నమాట!

అడవి పొగను, ఊరి కాలుష్యాన్ని విడివిడిగా చూడవచ్చని ఈ చట్టం అనుకుంది. ఆ రెండూ కలిశాక జరిగే రసాయన చర్యలు మరోలా ఉంటాయి.

కార్చిచ్చు నుంచి సూక్ష్మ ధూళి ఒక్కటే రాదు. కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు, ఫార్మాల్డిహైడ్ లాంటి వందలాది సేంద్రియ వాయువులు వస్తాయి. పొగలోని నైట్రస్ ఆమ్లం ఎండ తగలగానే విడిపోయి, చురుగ్గా చర్య జరిపే హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను ఇస్తుంది. వాటి వల్ల మొదటి కొన్ని గంటల్లో నేల దగ్గర ఊపిరితిత్తులకు చేటు చేసే ఓజోన్ వేగంగా పుడుతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు తరిగిపోయే కొద్దీ ఆ వేగం తగ్గుతుంది. అయితే ఆ నైట్రోజన్‌లో కొంత పెరాక్సీ అసిటైల్ నైట్రేట్ అనే రూపంలో దాగి ఉంటుంది. పైనుండే చల్లని గాలిలో అది చెదరకుండా చాలా దూరం పోయి, కిందికి దిగి వేడెక్కాక మళ్లీ నైట్రోజన్ ఆక్సైడ్‌ను వదులుతుంది. సేంద్రియ వాయువులు నిండిన ఈ పొగ నగరం మీదికి వచ్చినప్పుడు కార్లు, లారీలు వదిలిన నైట్రోజన్ ఆక్సైడ్లు దానికి జతపడితే ఓజోన్ మళ్లీ పెరుగుతుంది. (పొగ మరీ దట్టమైతే ఎండను అడ్డుకుని ఓజోన్‌ను తగ్గించడమూ ఉంది.) 2019లో నాసా, అమెరికా వాతావరణ సంస్థ నోవా (NOAA) విమానాలను నేరుగా పొగలోకి పంపి సేకరించిన కొలతలు ఈ అవగాహనను బలపరిచాయి. పాలకు తోడు కలిశాక ఆ పెరుగు పాలదా, తోడుదా అని విడదీసి చెప్పడం ఎలా?

డెట్రాయిట్‌లో తలెత్తింది సరిగ్గా ఈ ప్రశ్నే. ఆ నగర శివార్లలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి కాబట్టి ఇది మనకూ దూరపు విషయమేమీ కాదు. 2022 జూన్ 24, 25 తేదీల్లో అక్కడ ఒక కేంద్రంలో నమోదైన ఓజోన్ కొలతలను, కెనడా పొగ కారణమన్న మిషిగన్ రాష్ట్ర వాదనతో ఏకీభవించి, పర్యావరణ పరిరక్షణ సంస్థ పక్కన పెట్టింది. 2023లో డెట్రాయిట్ ప్రాంతం ఓజోన్ ప్రమాణాన్ని అందుకున్నట్టు ప్రకటించింది. పర్యావరణ వాదులు కోర్టుకు వెళ్లారు. అదే ఏడాది నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం, పొగ ప్రభావం పడిన రాష్ట్రాల్లో సూక్ష్మ ధూళి తగ్గింపులో దశాబ్దాలుగా సాధించిన ప్రగతిలో సగటున పావు వంతు చెరిగిపోయిందని తేల్చింది.

ప్రతినిధుల లేఖకు కెనడా తరఫున గట్టిగా బదులిచ్చింది మానిటోబా రాష్ట్ర ప్రీమియర్ (ముఖ్యమంత్రి లాంటి పదవి) వాబ్ కిన్యూ. 2025 మేలో ఆ రాష్ట్రంలో మంటలకు ఇద్దరు బలయ్యారు, వేల మంది ఊళ్లు ఖాళీ చేశారు. ఈ కష్టకాలాన్ని రాజకీయానికి వాడుకుంటున్నారని ఆయన మండిపడ్డారు. 2023లో కాలిన విస్తీర్ణంలో అత్యధిక భాగానికి కారణం పిడుగులే. రోడ్డే లేని ఉత్తరాది అడవుల్లో ప్రతి మంటనూ ఆర్పడం ఎవరి తరమూ కాదు. ఇక లెక్కల విషయంలో కెనడా కూడా తక్కువదేమీ కాదు. 2023 మంటలు సుమారు 64.7 కోట్ల టన్నుల కార్బన్‌ను గాలిలోకి వదిలాయని అంచనా. సహజ మంటల ఉద్గారాలను మాత్రం ఆ దేశం తన జాతీయ మొత్తంలో కలపదు.

సరిహద్దు దాటే పొగకు న్యాయం అడగడం ఇక్కడ కొత్త కాదు. బ్రిటిష్ కొలంబియాలోని ట్రెయిల్ లోహ కర్మాగారం పొగ వాషింగ్టన్ రాష్ట్రపు పొలాలను పాడుచేసిందన్న వివాదంలో 1941లో తీర్పు అమెరికా వైపే వచ్చింది. 1980లలో ఆమ్ల వర్షాల మీద ఫిర్యాదు చేసింది కెనడా, ఇంకా పరిశోధన కావాలంటూ కాలయాపన చేసింది అమెరికా. 1991లో ఇరుదేశాల వాయు నాణ్యత ఒప్పందం కుదిరింది. ఆ కేసులన్నిటిలో పొగకు ఒక చిమ్నీ, ఆ చిమ్నీకి ఒక యజమాని ఉన్నారు.

అసాధారణ ఘటనల నిబంధనలను తిరిగి పరిశీలిస్తామని పర్యావరణ పరిరక్షణ సంస్థ 2025 మార్చిలో ప్రకటించింది. ముందుజాగ్రత్త మంటలకు దారి సులువు చేయడం అందుకు చెప్పిన ఉద్దేశం. 2005 నాటి నిర్వచనం మాత్రం అమల్లోనే ఉంది. కెనడా నివారించి ఉండవలసిందని ఆరుగురు ప్రతినిధులు లేఖలో అంటున్న పొగనే, నివారించలేనిదని చూపి తమ లెక్కలోంచి తీసేయమని వారి రాష్ట్రాలు అడగవచ్చు.