సిటీస్: స్కైలైన్స్ 2 చేతులు మారడం వెనుక: 2024 మార్చి 25న ఏం జరిగింది?

2011లో వచ్చిన సిటీస్ ఇన్ మోషన్ అనే ఆట నాటి నుంచి కలిసి పనిచేస్తున్న స్వీడన్ ప్రచురణ సంస్థ పారడాక్స్ ఇంటరాక్టివ్, ఫిన్లాండ్ స్టూడియో కొలోసల్ ఆర్డర్ తాము విడిపోతున్నట్లు 2025 నవంబరు 17న ప్రకటించాయి. వారు కలిసి తెచ్చిన నగర నిర్మాణ కంప్యూటర్ ఆట సిటీస్: స్కైలైన్స్ 2 పారడాక్స్ దగ్గరే ఉంటుంది. 2026 ఆరంభం నుంచి దాని బాధ్యతను పారడాక్స్ సొంత స్టూడియోల్లో ఒకటైన ఐస్‌ఫ్లేక్ చూసుకుంటుంది. పాత స్టూడియో, కొత్త స్టూడియో రెండూ ఫిన్లాండ్‌లోని టాంపెరే నగరానికి చెందినవే. కొలోసల్ ఆర్డర్ ఇకపై వేరే ఆటల మీద పనిచేస్తుంది.

ఈ ప్రకటనతో రెండేళ్ల నాటి తగవు మళ్లీ రాజుకుంది. పూర్తికాని ఆటను 2023లో తొందరపెట్టి విడుదల చేయించింది పారడాక్సేనని, దాని ఫలితాన్ని చిన్న స్టూడియో మోయాల్సి వచ్చిందని కొందరు అంటున్నారు. రెండేళ్లు గడువిచ్చినా కొలోసల్ ఆర్డర్ ఆటను దారికి తేలేకపోయిందని మరికొందరు అంటున్నారు. ఇంటర్నెట్ లేనిదే నడవని షరతుతో 2013లో సిమ్‌సిటీ దెబ్బతినడం, ఆ ఖాళీలోకి 2015 మార్చిలో కొలోసల్ ఆర్డర్‌కు చెందిన పదమూడు మంది బృందం మొదటి సిటీస్: స్కైలైన్స్‌తో రావడం, 2022 నాటికి అది 1.2 కోట్ల ప్రతులు అమ్ముడుపోవడం నగర నిర్మాణ ఆటలు ఆడేవారందరికీ తెలిసినవే కాబట్టి వాటిని ఇక్కడ వదిలేస్తున్నాను. ఇవాళ్టి పరిణామానికి మూలం అంత వెనుక లేదు. అది 2024 మార్చి 25 అనే ఒక్క తేదీ దగ్గర ఉంది.

ఆ రోజు ఒకేసారి రెండు వచ్చాయి. ఆటగాళ్లు సొంతంగా మార్పులు చేసుకొనేందుకు వీలు కల్పించే మోడింగ్ సాధనాల బీటా (పరీక్షా దశ) రూపం ఒకటి. ఆట విడుదలై అప్పటికి ఐదు నెలలైంది. రెండోది బీచ్ ప్రాపర్టీస్ అనే అదనపు భాగం. పది డాలర్ల ధర పెట్టిన ఆ భాగంలో నీటి ఒడ్డున కట్టుకొనే కొన్ని ఇళ్లు, కొన్ని తాటిజాతి చెట్లు ఉన్నాయి గానీ, పేరులో ఉన్న బీచ్ మాత్రం లేదు. ముందు అసలు ఆటను బాగుచేస్తామని, అదనపు భాగాలు ఆ తర్వాతేనని 2023 చివర్లో స్టూడియో చెప్పిన మాటను ఆటగాళ్లు మరిచిపోలేదు. స్టీమ్‌లో (పీసీ ఆటలు అమ్మే వేదిక) ఆ భాగానికి వచ్చిన అభిప్రాయాలు దాదాపు అన్నీ వ్యతిరేకంగానే ఉన్నాయి. మూడు వారాలకే దాన్ని అమ్మకం నుంచి తీసేసి, విడిగా కొన్నవారికి డబ్బు వాపసు ఇస్తామని, ఇకపై అది అందరికీ ఉచితమని రెండు సంస్థలూ కలిసి ప్రకటించాయి.

పది డాలర్ల గొడవ గానే చూస్తే ఈ కోపం అర్థం కాదు. ఉచితంగా, ఆటతో పాటే రావాల్సిన సాధనాలు ఆలస్యమై, సొమ్ము తెచ్చే భాగం సరిగ్గా అదే రోజున వచ్చింది. మొదటి ఆట ఎవరి శ్రమతో నిలబడిందో తెలిసినవారికి ఆ వరుస ఏం చెబుతుందో వివరించనక్కరలేదు.

మొదటి సిటీస్: స్కైలైన్స్ అంత గొప్పగా నడిచిన అనుకరణ (సిమ్యులేషన్) ఏమీ కాదు. మూడు వరుసల రోడ్డు వేసినా, కుడివైపు తిరగాల్సిన వాహనాలన్నీ మైళ్ల దూరం నుంచే ఒకే వరుసలో బారులు తీరేవి. ఒకేసారి కొత్త కాలనీ తెరిస్తే దాదాపు ఒకే వయసు జనం వచ్చి చేరేవారు. కొన్నేళ్ల తర్వాత వాళ్లందరూ ఒక్కసారిగా చనిపోయేవారు, శవవాహనాలు చాలక ఇళ్లు ఖాళీ అయ్యేవి. నగరంలో ఏకకాలంలో కదిలే మనుషుల సంఖ్యకు 65,536, వాహనాల సంఖ్యకు 16,384 అనే గట్టి పరిమితులుండేవి. మ్యాపులోని 25 గళ్లలో 9 మాత్రమే కొనుక్కోవచ్చు.

ఈ లోపాలలో చాలావాటికి మందు కనిపెట్టింది ఆటగాళ్లే. స్టీమ్ వర్క్‌షాప్ (ఆటగాళ్లు తాము చేసిన మార్పులను, అంటే మోడ్లను పంచుకొనే చోటు) తలుపులు మొదటి రోజు నుంచే తెరిచి ఉండడం వల్ల, ట్రాఫిక్ మేనేజర్ అనే మోడ్ ఏ వరుస నుంచి ఏ వైపు తిరగాలో, సిగ్నల్ ఎన్ని సెకన్లు ఉండాలో నిర్ణయించే అధికారాన్ని ఆటగాడికి ఇచ్చింది. మూవ్ ఇట్ అనే మోడ్ కట్టిన భవనాన్నీ, వేసిన రోడ్డునూ అంగుళాల లెక్కన జరుపుకోనిచ్చింది. మిగిలిన గళ్లు తెరిచే మోడ్లు, కొత్త రకం రోడ్లు తెచ్చే మోడ్లు వచ్చాయి. తమ ఊరి రైల్వే స్టేషన్‌నో, వీధి చివరి కొట్టునో తయారుచేసి ప్రపంచానికి పంచినవారు వేలల్లో ఉన్నారు. కొలోసల్ ఆర్డర్ కూడా దీని విలువ గుర్తించింది. 2016లో ఆర్ట్ డెకో భవనాలతో మొదలుపెట్టి, ఇలాంటి సృష్టికర్తలకు డబ్బు చెల్లించి వారి పనిని అధికారికంగా విడుదల చేసింది. ఎనిమిదేళ్ల పాటు ఆ ఆట ఎదిగింది ఈ పద్ధతి మీదే. స్టూడియో పునాది వేస్తే, ఊరు కట్టింది జనం.

రెండో ఆట రూపకల్పనలో ఈ సంగతి పట్టించుకోలేదని అనలేం. అనుకరణ విషయంలో వారి ఆశయం నిజంగా పెద్దది. 441 గళ్లు, దాదాపు 159 చదరపు కిలోమీటర్ల నేల, కదిలే జనాభాకు ముందుగా గీసిన పరిమితి లేకపోవడం, ప్రతి ప్రయాణంలో సమయం, ఖర్చు, సౌకర్యం తూచుకొని దారి ఎంచుకొనే పౌరులు, పార్కింగ్ కోసం నిజంగా వెతుక్కొనే కార్లు ఇందులో ఉన్నాయి. మోడ్లు నేర్పిన పాఠాలు చాలా వరకు ఆటలోకే వచ్చాయి. రౌండ్‌అబౌట్ వేసుకోవడం ఇందులో ఒక్క నొక్కు పని. ఇంత భారాన్ని మోయడానికి, ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ అయిన యూనిటీ ఇంజిన్‌లోని డాట్స్ అనే కొత్త పద్ధతిని ఎంచుకున్నారు. లెక్కల వైపు అది బాగానే పనిచేసింది. బొమ్మ గీసే వైపు మాత్రం ముప్పై మందికి అటూ ఇటూ ఉన్న బృందం మీద మోయలేనంత పని పడింది. దూరం నుంచి చుక్కలా కనిపించే పౌరుడి నోట్లో పళ్లు కూడా విడివిడిగా చెక్కి ఉన్నాయని, కలప డిపోలోని దుంగల గుట్టకు లక్షకు పైగా బిందువులు వాడారని, దూరానికి తగ్గట్టు వాటిని సరళం చేసే రూపాలు లేవని విడుదల తర్వాత ప్రోగ్రామర్లు విప్పి చూపించారు.

2023 సెప్టెంబరు చివర్లోనే సిఫార్సు చేసిన గ్రాఫిక్స్ కార్డు స్థాయిని ఆర్‌టీఎక్స్ 3080కి పెంచి, కన్సోల్ (ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ వంటి ఆట యంత్రాలు) విడుదలను 2024కి వాయిదా వేశారు. అక్టోబరు 24న పీసీ ఆట రావడానికి కొద్ది రోజుల ముందు, తాము అనుకున్న పనితీరును అందుకోలేకపోయామని బహిరంగంగా ఒప్పుకున్నారు. ఒప్పుకొని కూడా విడుదల చేశారు. పారడాక్స్‌ను తప్పుపట్టేవారు ఈ తేదీనే పట్టుకుంటారు, అందులో న్యాయం ఉంది. కన్సోల్ వెర్షన్‌ను ఆపగలిగినవారు పీసీ వెర్షన్‌ను ఎందుకు ఆపలేదన్న ప్రశ్నకు, ఆటగాళ్లను ఇంకా వేచి ఉంచడం సరికాదనుకున్నామన్న ధోరణి సమాధానం తప్ప గట్టి వివరణ రాలేదు.

అయినా ఆట విరిగింది ఆ తేదీన కాదు. నెమ్మదిగా నడిచే ఆటను ఈ తరహా ఆటలు ఆడేవారు క్షమిస్తారు. కాలనీ నిర్మాణ ఆటల్లోనూ, నగర నిర్మాణ ఆటల్లోనూ దశాబ్దాలుగా ఆనందం వెతుక్కుంటున్నవారికి సహనం కొత్త కాదు. రెండు లక్షల జనాభా దాటాక నత్తనడక నడిచిన పాత ఆటనే వారు ఏళ్ల తరబడి ప్రేమించారు. ఈసారి వారి చేతికి పనిముట్లు దొరకలేదు. మోడింగ్ సాధనాలు విడుదల నాటికి సిద్ధం కాలేదు. ఆటలో తయారీదారుల కోసం దాచిన అమరిక, డెవలపర్ మోడ్‌ను తెరిచి అధికారికంగా లేని సౌకర్యాలు వాడుకున్నవారు, థండర్‌స్టోర్ అనే బయటి వేదిక మీద సొంతంగా మోడ్లు పెట్టినవారు మొదటి వారాల్లోనే కనిపించారు. తలుపు మూసి ఉన్నా కిటికీలోంచి వచ్చి పనిచేయడానికి సిద్ధపడిన మనుషులు వాళ్లు. ఆట ఆర్థిక వ్యవస్థలో నష్టాల నగరాన్ని ప్రభుత్వ సబ్సిడీ ఎలా మోస్తోందో లెక్కగట్టి చూపింది కూడా ఇలాంటి ఆటగాళ్లే. 2024 జూన్‌లో వచ్చిన ఎకానమీ 2.0 ప్యాచ్ (ఆటకు చేసిన సవరణ) ఆ సబ్సిడీని తొలగించింది.

పైగా ఈసారి స్టీమ్ వర్క్‌షాప్ లేదు. దాని స్థానంలో పారడాక్స్ మోడ్స్ అనే సొంత వేదికను పెట్టారు. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో కొన్నవారికీ, రేపు కన్సోల్ మీద ఆడేవారికీ మోడ్లు అందాలంటే ఇదే మార్గమని సంస్థ చెప్పింది. ఆ వాదన సబబైనదే. కానీ ఆ కన్సోల్ వెర్షన్ మొదట 2024 వసంతానికి, తర్వాత అదే ఏడాది అక్టోబరుకు, ఆ తర్వాత తేదీ లేకుండా వాయిదా పడింది. రాని కన్సోల్ కోసం, ఉన్న పీసీ ఆటగాళ్లు తొమ్మిదేళ్లుగా అలవాటైన వేదికను వదులుకున్నారు.

2024 ఏప్రిల్‌లో పారడాక్స్ ఉప ముఖ్య కార్యనిర్వహణాధికారి మట్టియాస్ లిల్యా, కొలోసల్ ఆర్డర్ అధిపతి మారీనా హల్లికైనెన్ పేర్లతో వచ్చిన క్షమాపణ లేఖను ఈ వెలుగులో చదవాలి. లోపాలను అసాధ్యమైన గడువులో సరిదిద్దగలమని అనుకున్నామని, ఆ రూపంలో విడుదల చేయకూడని భాగాన్ని హడావిడిగా విడుదల చేశామని అందులో ఒప్పుకున్నారు. ఉచిత ప్యాచ్‌లకు, మోడింగ్ సాధనాలకు ప్రాధాన్యం ఇస్తామని, డబ్బు తీసుకొనే విస్తరణను 2025కి జరుపుతున్నామని చెప్పారు. ఆటలకు సంబంధించిన క్షమాపణల్లో ఇంత సూటిగా రాసినవి తక్కువ. అంతకుముందు జనవరిలో హల్లికైనెన్ రాసిన మరో లేఖ కూడా గుర్తుంచుకోదగినది. తన సిబ్బంది మీద, ఆటగాళ్లలో ఒకరి మీద ఒకరికి పెరుగుతున్న విషం గురించి ఆమె అందులో ఆవేదన వ్యక్తం చేశారు. ఆమె మాట నిజం. కోపానికి కారణం ఉండడం వేరు, జీతానికి పనిచేసే మనిషిని తిట్టడం వేరు. ఆ తిట్లు తిన్నది ప్రధానంగా టాంపెరేలోని చిన్న బృందమే, స్టాక్‌హోమ్‌లోని సంస్థ కాదు.

లేఖ తర్వాత పని ఆగలేదు. ఫ్రాన్స్, జర్మనీ, బ్రిటన్, జపాన్, చైనా, తూర్పు ఐరోపా, అమెరికాలోని రెండు ప్రాంతాల శైలుల్లో భవనాల సంపుటాలు ఉచితంగా వచ్చాయి. వాటిని తయారుచేసింది కూడా అభిమాన సృష్టికర్తలే. అయితే ఎవరికి వారు కొత్త భవనాన్ని తెచ్చి ఆటలో పెట్టుకొనే అసెట్ ఎడిటర్ మాత్రం 2025 నవంబరు ప్రకటన నాటికీ రాలేదు. మొదటి ఆటలో మొదటి రోజే ఉన్న సౌకర్యం ఇది. విజయవాడ బందరు రోడ్డునో, సికింద్రాబాద్ వీధులనో ఈ ఆటలో కట్టుకోవాలనుకొనే తెలుగు ఆటగాడికి ఆ ఎనిమిది సంపుటాల్లో ఒక్క భారతీయ ఇల్లూ దొరకదు. మనకు దొరికేది, మనలో ఎవరైనా తయారుచేసినప్పుడే. దానికి ఎడిటర్ కావాలి. పలుమార్లు వాయిదా పడిన బ్రిడ్జెస్ అండ్ పోర్ట్స్ విస్తరణ 2025 అక్టోబరు చివర్లో వచ్చింది. ఎడిటర్ బీటా ఆ ఏడాది చివరికల్లా వస్తుందని నవంబరు ప్రకటన చెప్పింది. అంటే, ఆట విడుదలైన రెండేళ్లకు.

ఇక పారడాక్స్ వైపు. నష్టాన్ని భరించి రెండేళ్లు ఈ ఆటకు డబ్బు పెట్టామని, భవిష్యత్తు కోసం సొంత స్టూడియోకు అప్పగిస్తున్నామని ఆ సంస్థ అనవచ్చు. ఐస్‌ఫ్లేక్‌కు అనుభవం లేదనడం తప్పు. ప్రళయం తర్వాత బతికి బయటపడ్డవారి కాలనీని నిలబెట్టే సర్వైవింగ్ ది ఆఫ్టర్‌మాత్ వారిదే. 2021లో అది పూర్తిగా విడుదలైంది. వారిని 2020లోనే పారడాక్స్ కొనుగోలు చేసింది.

అయితే ఇలా ఆటను ఒక చేతి నుంచి మరో చేతికి మార్చడం పారడాక్స్‌కు ఇదే మొదటిసారి కాదు. అంగారక గ్రహం మీద కాలనీ కట్టే సర్వైవింగ్ మార్స్‌ను 2018లో బల్గేరియాకు చెందిన హేమిమాంట్ తయారుచేసింది. 2021లో దాని తదుపరి పనిని అబ్‌స్ట్రాక్షన్ అనే మరో స్టూడియోకు అప్పగించారు. ఆ ఏడాది వచ్చిన బిలో అండ్ బియాండ్ విస్తరణను ఆటగాళ్లు తిరస్కరించారు. చివరకు ఆటను పునర్నిర్మించే పని మళ్లీ హేమిమాంట్ చేతికే వచ్చింది; సర్వైవింగ్ మార్స్: రీలాంచ్డ్ పేరుతో అది 2025 నవంబరు 10న, అంటే కొలోసల్ ఆర్డర్ వీడ్కోలు ప్రకటనకు సరిగ్గా వారం ముందు విడుదలైంది. అనుకరణ ఆటలో ఒక నియమానికి, మరో నియమానికి మధ్య ఉన్న అల్లిక దాన్ని రాసినవారి తలల్లోనే ఎక్కువగా ఉంటుంది. వేరొకరు వచ్చి ఒక అద్దె సూత్రం మారిస్తే ఎక్కడో పాఠశాల ఖాళీ అవుతుంది. ఇది ఊహించి చెబుతున్న భయం కాదు, సర్వైవింగ్ మార్స్ ఆడినవారు చూసిందే.

కొలోసల్ ఆర్డర్ వెళ్తూ వెళ్తూ సైకిళ్లను తెచ్చే చివరి ప్యాచ్‌ను, ఎడిటర్ బీటాను వాగ్దానం చేసింది. ఐస్‌ఫ్లేక్ ముందు కన్సోల్ వెర్షన్, మిగిలిన పనితీరు సమస్యలు, రాబోయే అదనపు భాగాలు ఉన్నాయి. వీటిలో దేన్ని ముందు పెడతారన్నదే అసలు ప్రశ్న. ఎడిటర్‌ను బీటా దశలోనే వదిలేసి మరో విస్తరణను అమ్మకానికి పెడితే, 2024 మార్చి 25 నాటి వరుస కొత్త స్టూడియో పేరుతో మళ్లీ మొదలైనట్టే. మోడర్లు అడుగుతున్నవి పెద్ద కోరికలేమీ కావు. ఎడిటర్‌ను పూర్తిచేయాలి. ప్యాచ్ వచ్చిన ప్రతిసారీ తమ మోడ్లు విరిగిపోకుండా మార్పులను ముందుగా తెలియజేయాలి. సాధనాల మీద పనిచేసేవారు ఎవరో, ఎవరిని అడగాలో చెప్పాలి.