పాత బండికి ఎన్ని పెట్టెలు? ఏది ముందు, ఏది వెనక?

పర్లాకిమిడిలో రైళ్ల కబుర్లు మొదలైతే నౌపడా చిన్న బండి రాకుండా ఉండదు. 1900లో మొదలై, 1931 నాటికి గుణుపురం చేరి, రెండున్నర అడుగుల పట్టాల మీద 2004 వరకు నడిచిన బండి అది. ఒకరు మూడే పెట్టెలంటారు, ఇంకొకరు ఆరంటారు. రాయగడ, బరంపురం వైపు పెద్ద బండ్లకూ ఇదే వాదన. రైల్వేలో క్యారేజీ విభాగంలో పనిచేసి రిటైరయ్యాక, పాత బండ్ల పెట్టెల వరుసలు సేకరించడమే నా పనైపోయింది. తరచూ ఎదురయ్యే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పాత టైంటేబుల్ దొరికితే వరుస తెలిసిపోతుంది.

వాస్తవం: ప్రయాణికులు కొనుక్కునే టైంటేబుల్‌లో వేళలు, తరగతులు ఉంటాయి. ఇంజన్ వెనక ఏ పెట్టె, దాని వెనక ఏది అన్నది సిబ్బంది వాడే మార్షలింగ్ ఆర్డర్‌లో ఉంటుంది. అదీ ఇలా వెళ్లాలని రాసుకున్నదే. బయల్దేరే ముందు ఏ పెట్టెకో స్ప్రింగు విరిగిందని తేలితే దాన్ని సిక్ లైన్‌కి (మరమ్మతు పెట్టెలు నిలిపే పట్టా) తోసి, యార్డులో ఏది ఉంటే అది తగిలించేవాళ్లం. ఆ రోజు నిజంగా ఏం వెళ్లిందో గార్డుగారి పుస్తకమే చెప్పాలి.

కాశీనగర్‌లో ఒకరింట్లో అలాంటి పుస్తకం చూశాను. అట్ట ఊడిపోయింది. పెన్సిల్‌తో పెట్టెల నంబర్లు వరుసగా రాసి, చివరి దాని కింద గీత, పక్కన లోడు, అంటే మొత్తం ఎన్ని పెట్టెలో. ఒక పేజీలో మధ్య నంబరు కొట్టేసి, పైన ఇంకోటి రాసి, అంచున ‘సిక్’ అని ఉంది. "ఇందులో ఏముంది మాస్టారూ, అన్నీ అంకెలేగా, కాగితాలవాడికి వేసేద్దామనుకున్నాం" అంది ఆ ఇంటావిడ. "అమ్మా, ఆ అంకెల కోసమే వచ్చాను" అన్నాను. నేను ఒక్కో పేజీ ఫొటో తీసుకుంటుంటే రెండుసార్లు టీ పెట్టి ఇచ్చింది.

అపోహ: ఫొటో ఉంటే ఇక తిరుగులేదు.

వాస్తవం: ఫొటో ఒక్క రోజుకే సాక్ష్యం, అదీ తేదీ సరైనదైతే. ‘రాయగడ, 1985’ అని వెనక రాసి ఉన్న ఫొటో ఒకటి నాకు పంపారు. భూతద్దం పెట్టి చూస్తే పెట్టె మీద అయిదంకెల నంబరు 92తో మొదలైంది. మొదటి రెండంకెలు తయారైన సంవత్సరం. 1992లో పుట్టిన పెట్టె 1985లో ఎలా నడుస్తుంది? దీన్ని తిప్పి చదవకూడదు. నంబరు 76తో మొదలైతే ఫొటో 1976ది కానక్కర్లేదు, పెట్టె పాతికేళ్లు తిరుగుతుంది. రంగూ అంతే. 1990లలో ఎర్రమట్టి రంగు పోయి నీలం వచ్చింది, కానీ అన్ని పెట్టెలకూ ఒక్కరోజులో వేయలేదు. రెండు రంగులు కలిసిన బండి కనిపిస్తే కంగారుపడక్కర్లేదు.

బండి ఎటు వెళ్తోందో కూడా రాసుకోవాలి. హౌరా నుంచి చెన్నై వైపు వెళ్లే బండి విశాఖపట్నం స్టేషన్‌లోకి వచ్చిందంటే అక్కడ ఇంజన్ రెండో కొసకు మారుతుంది. బరంపురంలో ముందున్న పెట్టె రాజమండ్రిలో చివరిదవుతుంది. తేదీ, స్టేషన్, దిశ లేని వరుసను నేను నా పుస్తకంలో ఎక్కించను.

అపోహ: ఫస్ట్ క్లాస్ అంటే ఎప్పుడూ ఫస్ట్ క్లాసే.

వాస్తవం: 1955లో పాత ఫస్ట్ క్లాస్ తీసేసి, సెకండ్‌ని ఫస్ట్ అన్నారు, సెకండ్‌కీ థర్డ్‌కీ మధ్య ఉన్న ఇంటర్‌ని సెకండ్ అన్నారు. 1953 కాగితంలో సెకండ్, 1956 కాగితంలో ఫస్ట్ అని ఉన్నది ఒకే పెట్టె కావచ్చు. థర్డ్ క్లాస్ పేరు 1974లో పోయింది.

అపోహ: బోగీ అన్నా పెట్టె అన్నా ఒకటే.

వాస్తవం: మాటల్లో ఒకటే. కానీ బోగీ అంటే పెట్టె కింద ఉండే చక్రాల చట్రం. పాత రైల్వే గణాంకాల్లో పెట్టెలను నాలుగు చక్రాల లెక్కకు మార్చి, ఎనిమిది చక్రాల బోగీ పెట్టెను రెండుగా లెక్కించేవారు. చూసుకోకపోతే లెక్క రెట్టింపవుతుంది.

అపోహ: ఒడిశా స్టేషన్ కాబట్టి కాగితాలు భువనేశ్వర్‌లో ఉంటాయి.

వాస్తవం: ఈస్ట్ కోస్ట్ రైల్వే 2003లో వచ్చింది. అంతకుముందు ఇదంతా కలకత్తా గార్డెన్‌రీచ్ కేంద్రంగా ఉన్న సౌత్ ఈస్టర్న్. అది 1955లో పుట్టింది. దానికి ముందు మూడేళ్లు ఈస్టర్న్ రైల్వే, అంతకుముందు బెంగాల్ నాగపూర్ రైల్వే. ఏ ఏడాది కాగితం కావాలో ఆ ఏటి రైల్వే పేరుతో వెతకాలి.

అపోహ: ముసలివాళ్ల జ్ఞాపకాలు నమ్మలేం.

వాస్తవం: అడిగే తీరులో ఉంది. ఎన్ని పెట్టెలని అడిగితే తలో అంకె చెబుతారు. ఎక్కడ నిలబడేవారని అడగండి. గుణుపురం లైన్లో ఒక చిన్న స్టేషన్ దగ్గర, ఒకప్పుడు కూరగాయలు అమ్మిన మామ్మగారు నన్ను చేయి పట్టుకుని చింతచెట్టు కిందకి తీసుకెళ్లింది. "గార్డు పెట్టె ఇక్కడాగేది బాబూ. బుట్టలు అందులోకే." ఇంజన్ ఆగే చోటు ఎక్కడని అడిగితే పాత నీళ్ల తొట్టి దిమ్మ చూపించింది. దిమ్మ నుంచి చెట్టు దాకా అడుగులు కొలిచాను. ఇంటికొచ్చి కాశీనగర్ పుస్తకంలోని లోడుతో పోల్చి చూస్తే సరిపోయింది.