జిన్ రంపాలకు సాన: మిల్లుల్లో వినిపించే అపోహలు, అసలు సంగతులు

ముందు ఒక స్పష్టత. మన దేశంలో పత్తి జిన్నింగ్, అంటే గింజ నుంచి దూదిని వేరుచేసే పని, ఎక్కువగా నడిచేది డబుల్ రోలర్ జిన్నుల మీద. వాటిలో రంపాలుండవు. తోలు రోలర్లు, కత్తులు ఉంటాయి, వాటి మరమ్మతు వేరే కథ. ఇక్కడ చెబుతున్నది రంపాలతో దూదిని లాగే సా జిన్నుల్లోనూ, గింజకు అంటుకున్న పొట్టి నూగును గీకి తీసే లింటర్లలోనూ తిరిగే గుండ్రటి రంపాల గురించి. విశాఖ ఆటోనగర్‌లోనో మర్రిపాలెంలోనో చెక్క రంపాలకు సాన పట్టే చోట వీటిని కూడా ఇచ్చి రావచ్చనుకునే వాళ్లు ఇది చదివాక ఇవ్వండి.

అపోహ: పన్ను ఎంత వాడిగా ఉంటే దూది అంత బాగా వస్తుంది

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. జిన్ రంపం ఉన్నది కోయడానికి కాదు. దాని పన్ను పోగును పట్టుకోవాలి, రిబ్బుల (రంపాల మధ్య నిలిచే ఇనుప పట్టీల) సందులోంచి లాగాలి, వెనక బ్రష్ దగ్గర వదిలేయాలి. గింజ ఆ సందులో పట్టదు కాబట్టి ఇవతలే ఆగిపోతుంది. పన్ను అంచు మరీ వాడిగా ఉన్నా, పక్కకు లేచిన బర్ (సాన పట్టినప్పుడు మిగిలే గరుకు అంచు) ఉన్నా పోగు ఊడి రాకముందే తెగుతుంది. దూదిలో పొట్టి పోగులు పెరుగుతాయి, గింజ పెంకు గీసుకుపోయి ముక్కలు కలుస్తాయి. ఆ పెంకు ముక్కలు స్పిన్నింగ్ మిల్లు దాకా వెళ్లి నూలులో మచ్చలుగా తేలతాయి.

మన పక్కనే ఉన్న పొందూరు చూడండి. అక్కడ ఖద్దరుకు పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారు. ఆ సన్నటి పళ్లు పోగును కోయవు, దువ్వుతాయి. జిన్ రంపానికి కావలసిన గుణం కూడా అదే: మొన సన్నగా, చెంపలు నున్నగా.

వాడి కంటే ముఖ్యమైనది పన్ను వాలు. పన్ను రిబ్బు సందులోకి దిగేటప్పుడు దాని ముందు అంచు రిబ్బుకు సమాంతరంగా ఉండాలి, లేదా మొన కాస్త ముందుండాలి. పన్ను అడుగు భాగం ముందుగా దిగితే పత్తి సందులో నొక్కుకుపోతుంది, జిన్ బిగుసుకుంటుంది, ఉత్పత్తి పడిపోతుంది. సాన పట్టేవాడు తెలియక వాలు మార్చేస్తే ఎంత మెరిసే పన్నయినా పనికిరాదు. అందుకే కొత్త రంపం ఒకటి నమూనాగా దాచుకోవాలి. సాన అయిన పన్నును పదింతల భూతద్దం కింద దాని పక్కన పెట్టి చూడాలి. వేలితో తడిమితే వాడి తెలుస్తుంది గానీ వాలు తెలియదు.

అపోహ: బెంచి గ్రైండర్ ఉంటే చాలు, దీనికి వేరే మెషిన్ దేనికి?

లెక్క చూడండి. 320 మి.మీ. వ్యాసం, 280 పళ్లు ఉన్న జిన్ రంపంలో పన్నుకు పన్నుకు మధ్య దూరం సుమారు 3.59 మి.మీ. అదే వ్యాసంలో 330 పళ్లున్న లింటర్ రంపమైతే 3.05 మి.మీ. తేడా అర మిల్లీమీటరే అయినా ఒకదాని ఆకురాయి రెండోదానికి సరిపోదు. పైగా రంపం మందం మిల్లీమీటరు లోపే. అంత పలచటి కార్బన్ స్టీలును గ్రైండర్ రాయికి ఆనిస్తే మొన క్షణంలో నీలమవుతుంది. నీలం రంగు తేలిందంటే అక్కడ వేడి దాదాపు 300 డిగ్రీల సెల్సియస్‌కు చేరిందని, గట్టిదనం పోయిందని అర్థం. ఆ పళ్లు త్వరగా వంగిపోతాయి.

సాన మెషిన్‌లో రంపాలను విడదీయనక్కర్లేదు. రంపాలన్నీ గుచ్చి ఉన్న ఇరుసును, అంటే షాఫ్ట్ మొత్తాన్ని, జిన్ నుంచి దించి స్టాండు మీద పెడతారు. దాని వెంబడి పట్టాల మీద క్యారేజీ కదులుతుంది. క్యారేజీ మీద మోటారు, గుండ్రంగా తిరిగే ఆకురాళ్లు, రంపాన్ని ఒక్కో పన్ను చొప్పున జరిపే పాల్ కొక్కెం, లోతును ఆపే స్టాపర్ ఉంటాయి. ఒక రంపం చుట్టూ పూర్తయ్యాక క్యారేజీని తర్వాతి రంపానికి జరుపుతారు.

పని వరస ఇలా ఉండాలి. మొదట వైర్ బ్రష్, కిరోసిన్‌తో జిగురు, నూగు వదిలించాలి. మురికి ఉంటే కొక్కెం సరిగా కూర్చోదు. తర్వాత వంపును కొలిచే డయల్ గేజ్ పెట్టి షాఫ్ట్‌ను చేత్తో తిప్పి, వంగిన రంపాలకు చాక్‌పీసుతో గుర్తు పెట్టాలి. వంపు తీయకుండా సాన మొదలుపెడితే ఒక చెంప ఎక్కువ, ఇంకో చెంప తక్కువ అరుగుతుంది. ఆ తర్వాత కరెంటు ఆపి, కొక్కెం జరిపాక ఆకురాయి సరిగ్గా రెండు పళ్ల మధ్య గాడిలో దిగుతోందా అని చేత్తోనే ఓ పది పళ్లు తిప్పి చూడాలి. పని మొదలైన పన్నుకు మార్కర్‌తో రంగు పూస్తే ఒక చుట్టు ఎక్కడ ముగిసిందో తెలుస్తుంది. మొదటి చుట్టు పైపైనే తీయాలి. చాలకపోతే రెండో చుట్టు. ఒకేసారి లోతుగా దింపితే ఆకురాయి ఎగిరి, పళ్ల ఎత్తు ఎగుడుదిగుడవుతుంది.

ఈ మెషిన్‌లో ఎక్కువగా చెడేది కొక్కెమే. దాని కొన అరిగితే ఆకురాయి గాడిలో కాకుండా పన్ను వీపు మీద పడుతుంది. ఒక పన్ను లావు, పక్కది సన్నం అవుతాయి. ఇలా కనిపిస్తే ఆకురాయి మార్చి లాభం లేదు, కొక్కెం, దాని స్ప్రింగు చూడండి.

ఇంకొకటి: ఈ పనిని జిన్నింగ్ హాలులో పెట్టొద్దు. నిప్పురవ్వ, నేల మీద దూది ఒకే గదిలో ఉండకూడదు.

అపోహ: సాన అయ్యాక నేరుగా బిగించేయొచ్చు

కుదరదు. ఆకురాయి వదిలిన బర్ పన్ను చెంపల మీద ఉంటుంది. అది తీయడానికి షాఫ్ట్‌ను ఇసుక తొట్టిలో తిప్పుతారు. రంపం అంచులు మాత్రమే ఇసుకలో మునగాలి. ఎంతసేపనేది గడియారం చెప్పదు, దూది చెబుతుంది: గుప్పెడు దూదిని పళ్ల మీదుగా మెల్లగా లాగితే పోగు తెగి మిగలకూడదు.

ఇక్కడే విశాఖ వాళ్లకు ఒక ఉచిత ఆలోచన వస్తుంది. బీచ్ ఉంది కదా, నాలుగు బస్తాలు ఇసుక తెచ్చుకుంటే పోలా? తీరం నుంచి ఇసుక తవ్వి తేవడం కోస్తా నియంత్రణ నిబంధనలకు విరుద్ధం, అదొకటి. ఆ ఇసుకలో ఉప్పు, గవ్వ ముక్కలు ఉంటాయి. భీమిలి వైపు తీరంలోనైతే గార్నెట్ లాంటి గట్టి ఖనిజాలు కలిసి ఉంటాయి. ఉప్పు రంపానికి తుప్పు పట్టిస్తుంది, గట్టి రవ్వలు నున్నటి చెంపల మీద గీతలు పెడతాయి. కడిగి, ఎండబెట్టి, జల్లించిన సన్న ఏటి ఇసుక వాడండి.

అపోహ: అరిగిన రెండు మూడు రంపాలు మారిస్తే సరి

పాత షాఫ్ట్ మీద కొత్త రంపం పెడితే అది ఎత్తుగా నిలిచి పనంతా తనే లాగుతుంది, ముందే అరుగుతుంది. ఒక షాఫ్ట్ మీద అన్నీ ఒకే వ్యాసంలో ఉండాలి. సాన పట్టే కొద్దీ వ్యాసం తగ్గుతుంది: వ్యాసంలో 2 మి.మీ. పోతే రిబ్బు దాటి బయటికొచ్చే పన్ను 1 మి.మీ. తగ్గినట్టే. వరసగా పళ్లు విరిగిన రంపానికి బదులు, అదే మేరకు అరిగిన పాత రంపాన్ని వెతికి పెట్టడం మేలు. దీనికోసమే తీసేసిన మంచి రంపాలను వ్యాసం రాసి దాచాలి.

అపోహ: గింజకు దూది మిగిలిందంటే రంపం మొద్దుబారినట్టే

కావచ్చు, కాకపోవచ్చు. రిబ్బులు అరిగి సందు పెరిగినా, రంపాల ముందు చుట్టలా తిరిగే గింజపత్తి (గింజల చుట్ట) వదులుగా తిరిగినా, పత్తి తేమగా ఉన్నా ఇదే లక్షణం. దూదిలో తేమ 6–7 శాతం దగ్గర ఉంటే జిన్ సాఫీగా నడుస్తుంది. ముందు తేమ కొలవండి, తర్వాత రిబ్బులు చూడండి, ఆ తర్వాతే షాఫ్ట్ దించండి. రిబ్బు మీద ఒకవైపే మెరిసే గీత కనిపిస్తే రంపం రాసుకుంటోందని అర్థం. అది నిప్పుకు దారి, వెంటనే ఆపాలి.

లింటర్ రంపాల సంగతి వేరు. అవి దూది మీద కాదు, గట్టి గింజ మీద గీకుతాయి కాబట్టి జిన్ రంపాల కంటే చాలా తరచుగా సాన అడుగుతాయి.

అపోహ: ప్లాస్టిక్ షీట్ చుట్టి పెడితే తుప్పు పట్టదు

విశాఖ సముద్రపు గాలికి సాన పట్టిన స్టీలు ఒక్క రాత్రిలోనే ఎర్రబడగలదు. ప్లాస్టిక్ చుట్టితే లోపలి తేమ బయటికి పోక ఇంకా పాడవుతుంది. సాన, ఇసుక పని అయిన రోజే పలచగా నూనె పట్టించి, నూనె కాగితం చుట్టండి. షాఫ్ట్‌ను రెండు చివర్ల బేరింగ్ చోట్ల మీద ఆనించి ఉంచాలి, పళ్ల మీద బరువు పడకూడదు. సీజన్‌లో బిగించాక నూనె తుడిచి, మొదట కొంత తక్కువ రకం పత్తిని ఆడించి, ఆ మరకల దూదిని బేళ్లలో కలవకుండా పక్కన పెట్టేయండి.