మీ హోస్టా చావలేదు, ముందు పార పక్కన పెట్టండి

హోస్టా అంటే ఆకుల అందం కోసం పెంచుకునే నీడ మొక్క. ఏప్రిల్ వచ్చిందంటే మా నర్సరీలో ఒకటే పాట. "అన్నా, పోయినేడు నీ దగ్గర కొన్న హోస్టాలు మూడూ పోయాయి, మళ్ళీ ఇవ్వు." ఇస్తే నాకు బేరమే. అయినా మనసొప్పక అడుగుతాను, తవ్వేశారా ఇంకా ఉంచారా అని. సగం మంది అప్పటికే తవ్వి పారేసి ఉంటారు.

న్యూజెర్సీలో నవంబరు మంచుకు హోస్టా ఆకులు ఉడికిన తోటకూరలా మెత్తబడి నేలకు అతుక్కుపోతాయి. డిసెంబరులో చూస్తే అక్కడొక మొక్క ఉండేదన్న గుర్తు కూడా ఉండదు. ఊళ్ళో పసుపు చేలో ఆకు ఎండితే పంట పోయిందని ఎవరైనా ఏడుస్తారా? దీనిదీ అదే పద్ధతి. మొదలూ లావుపాటి వేళ్ళూ మట్టిలో నిద్రపోతాయి. పైగా ఆ చలి దానికి కావాలి కూడా. కొన్ని వారాలు గట్టి చలి తగలకపోతే ఏటికేడు చిక్కిపోతుంది. అందుకే "హైదరాబాద్‌లో అమ్మకి ఒక పిలక తీసుకెళ్తా" అనేవాళ్ళకి వద్దనే చెబుతాను. కస్టమ్స్‌లో మొక్కల తనిఖీ సంగతి సరేసరి.

ఏప్రిల్ చివర్లో అరటి మొవ్వులా చుట్టుకున్న మొనలు బయటికొస్తాయి. కొన్ని రకాలు మే దాకా బద్ధకిస్తాయి. అంతవరకు ఆగలేకపోతే వేలితో కాస్త మట్టి తీసి మొదలు నొక్కి చూడండి. కందలా గట్టిగా ఉంటే బతికున్నట్టు. వేలు దిగిపోయి కుళ్ళు వాసన వస్తే పోయినట్టు. అలా నిజంగా పోయేవి ఎక్కువగా కుండీల్లోవే. అడుగు కన్నాలు పూడుకుపోయి చలికాలమంతా నీళ్ళు నిలుస్తాయి.

నన్ను నవ్వకండి, మా ఇంట్లోనే జరిగింది. మా అమ్మ మొదటిసారి వచ్చింది ఏప్రిల్‌లోనే. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి మేపుల్ చెట్టు కింద మడి శుభ్రంగా తవ్వి ఉంది. "ఎండిపోయిన వేళ్ళేవో ఉంటే పీకి పెరట్లో మూల పడేశాన్రా, గోంగూర చల్లాను" అంది. ఆ చలికి, ఆ నీడకి గోంగూర ఒక్కటీ మొలవలేదు. మేలో చెత్తకుప్ప మీద మాత్రం ఆరు హోస్టాలు ఆకులు విప్పాయి.

మిగతావి గబగబా చెప్పేస్తా.

నీడ మొక్క కదా, వెలుతురు అక్కర్లేదంటారు. కావాలి. పొద్దుటి ఎండ రెండు మూడు గంటలు తగిలితే మంచిదే, మధ్యాహ్నం ఎండకే ఆకు అంచులు మాడతాయి. హాల్సియన్ లాంటి నీలం రకాలకు ఆ రంగు ఆకు మీది మైనపు పూత వల్ల వస్తుంది. ఎండకు ఆ పూత పోయి మామూలు పచ్చగా కనిపిస్తే అది జబ్బు కాదు, టెన్షన్ పడకండి.

కోడిగుడ్డు పెంకులు చల్లితే స్లగ్స్, అంటే ఆకులు తినే గుల్లలేని నత్తలు, రావట. నా కళ్ళముందే పాకి వెళ్ళాయి. ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు వాడండి, లేదా రాత్రి టార్చి పట్టుకుని ఏరండి.

ఆన్‌లైన్‌లో అమ్మే ముదురు నీలం, రంగురంగుల హోస్టా విత్తనాలు శుద్ధ మోసం. మంచి రకాలు విత్తనంతో ఉన్నదున్నట్టు రావు, పిలకలు విడదీసి పెంచాల్సిందే.

ఆకు మీద ఈనెల వెంబడి సిరా పారినట్టు మరకలుంటే అది కొత్త రకం కాదు. హోస్టా వైరస్ ఎక్స్ కావచ్చు, 1996లో బయటపడిన తెగులు. దీనికి మందు లేదు, రసం అంటిన కత్తెరతో పక్క మొక్కకు పాకుతుంది. ఈ ఒక్కదాన్ని మాత్రం వేళ్ళతో సహా పీకి చెత్తబుట్టలో వేయండి, కంపోస్టులో కాదు.

ఇక జింకలు. వాటికి హోస్టా అంటే మనకి పుల్లారెడ్డి స్వీట్లతో సమానం. రాత్రికి రాత్రి కాడలు మిగిల్చి పోతాయి. జింకలు దగ్గరికి రాకుండా కొట్టే మందు స్ప్రే చేస్తే వాన పడేదాకా ఆగుతాయి, వాన పడ్డాక మళ్ళీ కొట్టాలి. తిన్నా మొదలు చావదు, మళ్ళీ చిగురేస్తుంది. దాన్ని కూడా తవ్వకండి బాబూ.