వాన పడితే తీరంలో వేట ఎందుకు ఆగుతోంది?

గట్టి వాన కురిసిందంటే చాలా దేశాల్లో తీరంలోని ఆల్చిప్పల (ఆయిస్టర్ల) మడులను కొన్నాళ్లు మూసేస్తారు. పరీక్షల్లో నీరు బాగుందని తేలేదాకా ఏరడం లేదు, అమ్మడం లేదు. వానకూ ఆల్చిప్పకూ ఈ లంకె పడింది 19వ శతాబ్దంలో.

అప్పట్లో యూరప్ నగరాల్లో వాన నీరు పోవడానికి కాలువలు ముందే ఉండేవి. ఇళ్లలోకి ఫ్లష్ మరుగుదొడ్లు వచ్చాక ఆ మురుగునూ వాటిలోకే వదిలారు. 1858 వేసవిలో థేమ్స్ నది కంపుకు పార్లమెంటు సభ్యులు సైతం తట్టుకోలేకపోయారు. ఆ తర్వాత ఇంజినీరు జోసెఫ్ బజల్జెట్ లండన్ నేల కింద భారీ కాలువలు కట్టి, వాన నీటినీ మురుగునూ కలిపి ఊరికి తూర్పున, సముద్రం వైపు తీసుకెళ్లి వదిలాడు. పెద్ద వాన పడితే కాలువకు పట్టదు కదా, చెరువుకు అలుగు ఉన్నట్టు వీటికీ నదిలోకి పొర్లే దారులు పెట్టారు. అవి లేకపోతే మురుగు ఇళ్లలోకి ఎగదన్నేది. ఊళ్లో కలరా తగ్గింది. దిగువన చేపలు పట్టుకుని బతికేవాళ్ల సంగతి మాత్రం ఆ లెక్కల్లోకి రాలేదు.

అలాంటివాళ్లకు జరిగే నష్టం ఎంతటిదో ఇంగ్లండ్‌లోని ఎమ్స్‌వర్త్‌ను చూస్తే తెలుస్తుంది. ఆల్చిప్పలకు పేరున్న చిన్న రేవు అది. 1902 నవంబరులో వించెస్టర్, సౌతాంప్టన్‌లలో జరిగిన విందుల్లో అక్కడి ఆల్చిప్పలు వడ్డించారు. తిన్నవాళ్లలో చాలామందికి టైఫాయిడ్ సోకింది, వించెస్టర్ పెద్ద చర్చి అధిపతి (డీన్)తో సహా కొందరు చనిపోయారు. స్థానిక కౌన్సిల్ మురుగు ఆ మడుల దగ్గరే పడుతోంది. ఫాస్టర్ అనే ఆల్చిప్పల వ్యాపారి కౌన్సిల్ మీద కోర్టుకెళ్లి 1906లో అప్పీలులోనూ గెలిచాడు. తీర్పు వచ్చింది గానీ పోయిన వ్యాపారం మళ్లీ కోలుకోలేదు. మురుగు వదిలింది ఒకరు, జీవనాధారం పోగొట్టుకున్నది మరొకరు. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

ఆల్చిప్పే ఎందుకంటే, అది నీటిని వడకట్టి తింటుంది. అనుకూలమైన పరిస్థితుల్లో పెద్ద ఆల్చిప్ప రోజుకు 190 లీటర్ల దాకా వడపోయగలదు. నీటిలో ఏముంటే అది దాని ఒంట్లో పోగవుతుంది. 1924-25 శీతాకాలంలో అమెరికా నగరాల్లో ఆల్చిప్పల వల్ల టైఫాయిడ్ చెలరేగాకే అక్కడ జాతీయ స్థాయి నియంత్రణ మొదలైంది. ఇప్పుడు అక్కడ మామూలుగా అనుమతి ఉన్న మడుల నీటిలో మలం కలిసిందని చూపే ఫీకల్ కోలిఫామ్ బ్యాక్టీరియా మధ్యస్థ విలువ 100 మిల్లీలీటర్లకు 14 దాటకూడదు. శుభ్రమైన నీటిలో ఉంచితే ఈ బ్యాక్టీరియా రెండు మూడు రోజుల్లో చాలావరకు పోతుంది. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ అలా కాదు, వారాల తరబడి లోపలే ఉండిపోతుంది.

మురుగుతో వచ్చే నత్రజని, భాస్వరం మరో రకం దెబ్బ. ఈ పోషకాలు ఎక్కువైతే సూక్ష్మ శైవలాలు, అంటే కంటికి ఆనని నాచు, విపరీతంగా పెరుగుతాయి, చచ్చి కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ లాగేస్తాయి. కొన్ని రకాలు నేరుగా చేపలనే చంపుతాయి. జపాన్ సెటో లోతట్టు సముద్రంలో 1972లో వచ్చిన ఎర్రటి పోటుకు (ఇలాంటి శైవలాలు పెరిగి నీరు ఎర్రబారడానికి) సుమారు 1.4 కోట్ల పెంపకపు చేపలు చచ్చిపోయాయి. మరుసటి ఏడాదే కాలుష్యాన్ని అదుపు చేసే చట్టం తెచ్చారు, నీరు తేటపడింది. దశాబ్దాల తర్వాత పోషకాలు మరీ తగ్గి తినడానికి పెంచే నోరి నాచు రంగు వెలిసిపోతోందని దాన్ని పెంచే రైతులు మొరపెట్టుకోగా, 2021లో చట్టాన్ని మళ్లీ సవరించారు. సముద్రానికి పోషకాలూ కావాలి, కానీ హద్దులో.

వాన నీటినీ మురుగునూ వేరు చేస్తే సరిపోతుందా? సరిపోదు. అమెరికాలోని సియాటిల్ ప్రాంతపు వాగుల్లో వాన పడ్డాక కోహో సాల్మన్ చేపలు గుడ్లు పెట్టకుండానే చచ్చిపోయేవి. కారు టైర్ల అరుగుదలలోంచి పుట్టే ఒక రసాయనమే కారణమని 2020లో తేలింది. రోడ్ల మీది వాన నీరు చాలాచోట్ల శుద్ధి కేంద్రాల మొహమే చూడదు.

లండన్ ఇప్పుడు పొర్లే మురుగును పట్టుకోవడానికి 25 కిలోమీటర్ల సొరంగం తవ్వుకుంది. 2025లో అది పూర్తిగా పనిలోకి వచ్చింది. అలాంటివి కావాల్సిందే. వాటితోపాటు రోడ్ల పక్కన నీటిని ఇంకించే మట్టి పడకలకూ డబ్బు పెట్టాలి. ఇసుక, కంపోస్టు కలిసిన అలాంటి పొర గుండా పంపితే, కోహోలను చంపిన రోడ్డు నీటిలోనే అవి బతికాయని 2015లో వెలువడిన ప్రయోగం చూపింది.