పంచింగ్ బ్యాగ్‌లో పెన్నా ఇసుక పోయకండి

ఆన్‌లైన్‌లో పంచింగ్ బ్యాగ్ కొంటే చాలాసార్లు ఖాళీ సంచే వస్తుంది, లోపల ఏం నింపాలో మనమే చూసుకోవాలి. మా తమ్ముడు పదో తరగతి సెలవుల్లో అలాగే ఒకటి తెప్పించుకున్నాడు. మేముండేది నెల్లూరులో, పక్కన ఎవరో ఇల్లు కడుతుంటే పెన్నా ఇసుక కుప్ప పోసి ఉంది, వాళ్లనడిగి సంచి అడుగున జానెడు మందాన ఇసుక పోసి పైన పాత గుడ్డలు కుక్కాడు. మూడో రోజు ఒక గుద్దు వంకరగా పోయి ఆ అడుగు భాగానికి తగిలింది, చెయ్యి వాచింది. ఎక్స్‌రే తీస్తే చిటికెన వేలి కింద, అరచేతిలో ఉండే ఎముకకి చీలిక. ఇది ఎంత మామూలంటే, డాక్టర్లు దీన్ని బాక్సర్స్ ఫ్రాక్చర్ అనే పిలుస్తారు.

నాలుగడుగుల పొడవు, 14 అంగుళాల వెడల్పు ఉన్న సంచిలో సుమారు 120 లీటర్లు పడుతుంది. పొడి ఇసుక లీటరుకి 1.6 కేజీలు తూగుతుంది కాబట్టి నిండా పోస్తే 190 కేజీలు, అంటే 25 కేజీల బియ్యం మూటలు ఏడున్నర! జానెడు ఇసుకే 36 కేజీలు. పైగా కొట్టే కొద్దీ రేణువులు సర్దుకుని, మధ్యలో గాలి సందులు పోయి, అడుగు బండలా తయారవుతుంది.

తాపీ పనిలో కింద నుంచి విసిరిన ఇటుకని పైనున్న మనిషి ఎలా అందుకుంటాడో చూడండి, ఇటుక చేతికి తగలగానే చేతుల్ని దాంతోపాటే వెనక్కి తీసుకుంటాడు. ఆగడానికి పట్టే సమయం రెట్టింపైతే చేతి మీద పడే సగటు బలం సగమవుతుంది. గుడ్డలు నింపిన సంచి మన పిడికిలికి చేసే మేలు ఇదే, లోపలికి నొక్కుకుంటూ ఆ సమయాన్ని పెంచుతుంది, బండైన ఇసుక పెంచదు.

చూపుడు వేలు, మధ్య వేలి వెనకున్న అరచేతి ఎముకలు మణికట్టుకి గట్టిగా బిగిసి ఉంటాయి. చిటికెన వేలి ఎముకని రెండో చేత్తో పట్టుకుని కదిపి చూడండి, కదులుతుంది. అందుకే చూపుడు, మధ్య వేళ్ల మెటికలతోనే కొట్టాలి, మణికట్టు ముంజేతితో ఒకే వరసలో ఉండాలి.

కొట్టగా కొట్టగా ఎముక గట్టిపడుతుంది కదా అంటారు. నిజమే, బరువు పడే తీరుని బట్టి ఎముక మారుతుందని జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. కానీ ఆ మార్పులో శరీరం ముందు పాత ఎముకని కొంత తవ్వేసి, తర్వాతే కొత్తది పేరుస్తుంది, దీనికి నెలలు పడుతుంది. మధ్యలో తొందరపడితే ఎముక బలహీనంగా ఉన్నప్పుడే దెబ్బ పడుతుంది.

ఇంకో మాట, దయచేసి ఫ్యాను హుక్కుకి మాత్రం వేలాడదీయకండి. 40 కేజీల సంచి 60 డిగ్రీల దాకా ఊగి కిందికొచ్చేటప్పుడు హుక్కు మీద 80 కేజీల బరువంత లాగుడు పడుతుంది, నాలుగైదు కేజీల ఫ్యాను కోసం పెట్టిన హుక్కది. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం ఒడ్డు ఊళ్ల వైపు ఉప్పు గాలికి గొలుసులు కూడా తుప్పు పడతాయి, వాటినీ చూసుకుంటూ ఉండాలి.

ఇప్పుడు మా తమ్ముడి సంచిలో అమ్మ పాత నూలు చీరలు, టైలర్ దగ్గర తెచ్చిన ముక్కలు ఉన్నాయి. నెలకోసారి మొత్తం బయటికి తీసి, ఎండలో ఆరబెట్టి, అడుగున గట్టిపడ్డవాటిని పైకి మార్చి మళ్లీ కుక్కుతాడు.