రచ్చ గెలిచి, ఇంట తడబడిన వైద్యం

2010లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ముగ్గురు రోగులకు వాళ్ల సొంత కణాలనే మందుగా ఎక్కించారు. ముగ్గురిదీ క్రానిక్ లింఫోసైటిక్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్, పొట్టిగా సీఎల్ఎల్. బి-కణాలనే తెల్ల రక్తకణాలు చావాల్సిన వేళకు చావకుండా రక్తంలో, ఎముక మజ్జలో పేరుకుపోతాయి. నెమ్మదైన జబ్బే. కొందరికి ఏళ్ల తరబడి మందు కూడా అక్కర్లేదు. ఈ ముగ్గురికి మాత్రం ఉన్న మందులన్నీ అయిపోయాయి.

కార్ల్ జూన్, డేవిడ్ పోర్టర్ బృందం రోగి రక్తంలోంచి టి-కణాలను, అంటే ఒంటికి కాపలా కాసే మరో రకం తెల్ల రక్తకణాలను వేరుచేసి, వాటిలోకి కొత్త జన్యువు ఎక్కించింది. దాన్ని లోపలికి మోసుకెళ్లింది ఎవరనుకున్నారు? కోరలు పీకేసిన హెచ్ఐవీ! టి-కణాల్లోకి దూరడం దానికి వెన్నతో పెట్టిన విద్య మరి. ఆ జన్యువు వల్ల టి-కణం మీద కొక్కెం లాంటిది మొలుస్తుంది. ఆ కొక్కెం పేరు కార్, అందుకే ఈ వైద్యాన్ని కార్-టి అంటారు. బి-కణాల పైనుండే సీడీ19 అనే ప్రొటీన్ దానికి తగిలితే చాలు, ఆ కణం పని అయిపోయినట్టే. మంచి బి-కణాలూ పోతాయి, అది వేరే తలనొప్పి.

ఒక రోగికి ఎక్కించిన మార్పు కణాలు సుమారు 1.4 కోట్లు. లెక్కకు చాలా తక్కువ. 14వ రోజున చలిజ్వరం మొదలైంది. 22వ రోజుకి, క్యాన్సర్ కణాలు ఒక్కసారిగా చావడంతో ఆ వ్యర్థమంతా రక్తంలో చేరి, కిడ్నీల మీద భారం పడింది. ఆస్పత్రిలో చేర్చారు. మర్నాడు మజ్జ తీసి చూస్తే క్యాన్సర్ జాడే లేదు.

ముగ్గురిలో ఇద్దరికి జబ్బు పూర్తిగా పోయింది. పదేళ్ల తర్వాత కూడా ఆ కణాలు వాళ్ల ఒంట్లో తిరుగుతూనే ఉన్నాయని 2022లో ప్రకటించారు.

ఇంత జరిగాక కార్-టి వైద్యానికి తొలి అనుమతి సీఎల్ఎల్‌కే రావాలి కదా? 2017లో అది పిల్లల్లో, యువతలో వచ్చే మరో ల్యుకేమియాకి వచ్చింది. మన ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తయారుచేసిన నెక్స్‌కార్19 అనే కార్-టి వైద్యానికి 2023లో అనుమతి దక్కింది. అమెరికాలో సీఎల్ఎల్ వంతు 2024 మార్చిలో గానీ రాలేదు. అదీ, పూర్తిగా నయమైనట్టు కనబడింది సుమారు ఐదుగురిలో ఒకరికే.

ఏళ్ల తరబడి క్యాన్సర్‌తో కాపురం చేసి రోగి టి-కణాలు నీరసించిపోతాయి. వాటినే తీసి కొక్కెం తగిలిస్తే ఎంతని పోరాడతాయి? అందుకే సీఎల్ఎల్‌కి వాడే ఇబ్రుటినిబ్ మాత్రలు కొన్నాళ్లు వాడించి, టి-కణాలు కాస్త తేరుకున్నాక కార్-టి ఇచ్చి చూస్తున్నారు.